ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఎవరి కామెడీ పెట్టాలి? జంధ్యాల నుంచి అనిల్ రావిపూడి దాకా

సంక్రాంతికి కావలిలో మా అవ్వ వాళ్ళింట్లో పద్నాలుగు మందిమి చేరతాం. టీవీ ఒకటే. రాత్రి అన్నాలు తిని, చాపలు పరిచి, దిండ్లు లాక్కుని కూర్చున్నాక మొదలవుతుంది అసలు పంచాయితీ, ఏ సినిమా పెట్టాలని. కామెడీ అన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు, ఎవరి కామెడీ అన్న దగ్గరే గొడవంతా. మా మామ జంధ్యాల తప్ప ఇంకొకరిని ఒప్పుకోడు. బెంగళూరు నుంచి వచ్చే చిన్నాన్న కొడుక్కి బ్రహ్మానందం ఇరుక్కుపోయే సీన్లుంటే చాలు. పిలకాయలకు 'సంక్రాంతికి వస్తున్నాం'లో వెంకటేష్ కొడుకు బుల్లిరాజు కావాలి. అమ్మకు రాజేంద్రప్రసాద్ ఉంటే ఎవరు తీసినా ఫరవాలేదు. ఈ వాదనలోనే గంట గడిచిపోయి, సినిమా మొదలయ్యేసరికి సగం మంది నిద్రపోయిన రాత్రులు చాలా ఉన్నాయి.

కొన్నేళ్ళుగా సినిమా ఎంచే పని నా మీద పడింది. అప్పట్నుంచి నాకు అర్థమైంది ఏంటంటే, 'ఎవరు గొప్ప' అని కొట్టుకుంటే తెల్లారినా తేలదు. ఒక్కో డైరెక్టర్ దగ్గర నవ్వు ఒక్కో చోట పుడుతుంది. ఒకరికి మాటలో, ఒకరికి మనిషి స్వభావంలో, ఒకరికి చిక్కులో, ఒకరికి ఊళ్ళో. ఆ చోటు ఏదో తెలిస్తే, మన ముందు కూర్చున్నవాళ్ళకు అది అందుతుందో లేదో ముందే చెప్పొచ్చు. మీ ఇంట్లోనూ ఇదే గొడవైతే ఇది మీకు పనికొస్తుంది.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ఇప్పుడు చెప్పిందే, నవ్వు ఎక్కడ పుడుతోంది. మాటలో పుట్టే నవ్వుకు చెవి కావాలి, తెలుగు బాగా తెలియాలి. చేష్టలో పుట్టే నవ్వుకు కళ్ళుంటే చాలు.

రెండోది, పక్కన ఎవరున్నారు. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఒకసారి మా ఇంట్లో ఎవరో పేరు చూసి పెట్టేసిన ఒక సినిమాలో పావుగంటకే రెండర్థాల మాటలు మొదలయ్యాయి. పిన్ని పాలు తోడెయ్యాలని లేచి వంటింట్లోకి పోయింది, అవ్వ కళ్ళు మూసుకుంది, మిగిలినవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూడకుండా కూర్చున్నాం. ఆ రాత్రి ఇంకెవరూ నవ్వలేదు.

మూడోది, మధ్యలో లేచి వెళ్ళొస్తే అందుతుందా. పండగ ఇంట్లో ఎవరూ రెండున్నర గంటలు కదలకుండా కూర్చోరు. కొన్ని సినిమాల్లో పది నిమిషాలు పోతే ఎవరు ఎవరి వేషంలో ఉన్నారో తెలియదు, కొన్ని ఎక్కడ మొదలుపెట్టినా నవ్విస్తాయి.

నాలుగోది, కామెడీ కథలో ఉందా, కథ పక్కన ఉందా. హీరో కథ ఒక దారిన పోతుంటే కమెడియన్ ట్రాక్ ఇంకో దారిన పోయే సినిమాలు మనకు బోలెడు. అందులో తప్పేం లేదు, కాకపోతే ఆ ట్రాక్ అయిపోగానే ఇంట్లోవాళ్ళు ఫోన్లు తీస్తారు.

జంధ్యాల: మాటా, మనిషీ

నాకు ఇష్టమైనవాడు కాబట్టి ఇక్కడ రొంత ఎక్కువసేపు ఉంటాను. జంధ్యాల అనగానే అందరూ మాటలంటారు, తిట్లంటారు. నిజమే, ఒక్క బూతు లేకుండా మనిషిని నిలువునా కడిగెయ్యొచ్చని చూపించింది ఆయనే. నా లెక్కలో మాత్రం ఆయన బలం అంతకంటే లోపల ఉంది. ఆయన పాత్రల్లో ఒక్కరికి కూడా తాము నవ్వు పుట్టిస్తున్నామని తెలియదు.

'అహ నా పెళ్ళంట' (1987) లో కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి గుర్తున్నాడు కదా. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తింటాడు. ఈసారి ఆ సీను వచ్చినప్పుడు కోడిని వదిలేసి కోట మొహం ఒక్కటే చూడండి. నవ్వు లేదు, సిగ్గు లేదు, ఎవరన్నా చూస్తారేమోనన్న బెరుకు లేదు. నిజంగా కోడికూర తింటున్నవాడి తృప్తి ఉంది. ఆయన దృష్టిలో అదే తెలివైన బతుకు, మనమంతా డబ్బు తగలేసే పిచ్చోళ్ళం. పక్కన అరగుండు బ్రహ్మానందం లేకపోతే ఆ పిసినారితనం మనకు ఇంతగా తగిలేది కాదు. జీతం రాక, వదిలి పోలేక, యజమాని వీపు వెనక గొణుక్కునే ఆ గుమస్తా మన తరఫున అక్కడ నిలబడి ఉన్నట్టు ఉంటుంది. బ్రహ్మానందానికి ఇంటింటా పేరు తెచ్చింది ఆ పాత్రే.

'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) లో సినిమా కథ చెప్పమంటే టైటిల్స్ దగ్గర్నుంచి మొదలుపెట్టే శ్రీలక్ష్మి, 'చంటబ్బాయ్' (1986) లో కవితలతో సంపాదకుడి ప్రాణం తీసే శ్రీలక్ష్మి, ఇద్దరూ అదే జాతి. చాలా నిష్ఠగా తమ పని తాము చేసుకుపోతుంటారు, ఎదుటివాడు నలిగిపోతుంటాడు. ఇలాంటివాళ్ళు మన బంధువుల్లో ఒకరైనా ఉంటారు, అందుకే మా ఇంట్లో ఆ సీను వస్తే అందరి కళ్ళూ ఒకే మనిషి వైపు తిరుగుతాయి. ఎవరి వైపని నేను చెప్పను.

మరి ఇబ్బంది ఎక్కడ? ఆయన సినిమాలు నిదానంగా నడుస్తాయి. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు రెండో భాషగా కూడా తీసుకోని పిలకాయలకు సగం మాటలు జారిపోతాయి. మా బెంగళూరు తమ్ముడు పెద్దలు ఎందుకు నవ్వుతున్నారో అడుగుతూ కూర్చున్నాడు, జోకుకు అర్థం చెప్పాక ఎవరికి నవ్వొస్తుంది? అలాంటివాళ్ళకు మొదట 'చంటబ్బాయ్' పెట్టండి. చిరంజీవి ఉన్నాడు, డిటెక్టివ్ కథ ఉంది, కళ్ళతో అందుకునేది చాలా ఉంది. ఆ తర్వాత 'అహ నా పెళ్ళంట' దానంతటదే ఎక్కుతుంది.

వంశీ: ఊరే కమెడియన్

వంశీ సినిమాలో ఊరు తీసేస్తే కథ మిగలదు. గోదావరి పక్క వీధులు, పనీపాటా లేకుండా అరుగుల మీద కూర్చునేవాళ్ళు, ఒకరి గుట్టు ఒకరికి తెలిసిపోయే ఇరుగుపొరుగు, వాటన్నిటి మీదా ఇళయరాజా సంగీతం. 'ఏప్రిల్ 1 విడుదల' (1991) నాకు ఇందులో అన్నిటికంటే పైన. అలవోకగా అబద్ధాలాడే దివాకరం ఏప్రిల్ 1 దాకా అబద్ధమే ఆడనని ఒప్పుకుంటాడు, అక్కణ్ణుంచి వీధి వీధంతా అల్లకల్లోలం. అబద్ధం ఆడినన్నాళ్ళూ అందరికీ కావాల్సినవాడు, నిజం చెప్పడం మొదలెట్టగానే ఎవరికీ పనికిరాడు. సందులో కాపురం చేసిన ఎవరికైనా ఇది సూటిగా తగులుతుంది, కావలి అయినా కందుకూరు అయినా.

మన వైపు వాళ్ళకు ఆ గోదావరి యాస మొదటి పది నిమిషాలు కొత్తగా ఉంటుంది, తర్వాత అదే రుచి. 'లేడీస్ టైలర్' (1986) కూడా అంతే గొప్ప సినిమా, కాకపోతే కథే తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం వెతకడం. స్నేహితులతో చూడండి, అవ్వా తాతల ముందు మాత్రం పెట్టకండి. వంశీకి ఇంకో సంగతి ఉంది, లేచి వెళ్ళొస్తే దెబ్బే. చిన్న చిన్న మనుషులు చాలామంది, ఒక్కొక్కరి ముడీ ఎక్కడో మొదలై ఎక్కడో విడుతుంది.

ఈవీవీ: 'ఇలా అయితే?' అన్న ఒక్క ప్రశ్న

ఈవీవీ సత్యనారాయణ జంధ్యాల దగ్గర పనిచేసి వచ్చినవాడు. కానీ గురువు నిదానాన్ని పూర్తిగా వదిలేసి పరుగు అందుకున్నాడు. ఆయన పద్ధతి ఒకటే, ఒక చిలిపి ఊహ పట్టుకుని చివరి చుక్క దాకా పిండటం. ఊళ్ళో ఆడవాళ్ళు మగవాళ్ళలా, మగవాళ్ళు ఆడవాళ్ళలా మారిపోతే? అదే 'జంబలకిడి పంబ'. కవలల్లో ఒకణ్ణి కొడితే రెండోవాడికి తగిలితే? 'హలో బ్రదర్' (1994). రెండోదానికి భాషతో పనే లేదు, మా ఇంట్లో ఆరేళ్ళదానికీ అరవై ఏళ్ళాయనకూ ఒకే క్షణంలో నవ్వొచ్చింది.

తెర నిండా కమెడియన్లు ఉంటారు, ఎక్కడ మొదలుపెట్టినా అందుతుంది, పండగ ఇంటికి సరిగ్గా సరిపోయే లక్షణం. అయితే అన్నీ ఇంటిల్లిపాదీ చూసేవి కావు. కొన్నింట్లో మాటలు గీత దాటుతాయి, ఆడవాళ్ళ మీద వేసిన జోకులు కొన్ని ఇప్పుడు వింటే మనసుకు కష్టంగా ఉంటాయి. ముందు మీరు ఒకసారి చూసుకుని పెట్టండి.

ఎస్వీ కృష్ణారెడ్డి: పిలకాయలున్న ఇల్లు

లాటరీలో ఏనుగు తగిలితే, తినడానికి లేనివాడు దాన్నెలా మేపాలి? 'రాజేంద్రుడు గజేంద్రుడు' (1993). యమలోకంలో ఉండాల్సిన భవిష్యవాణి పుస్తకం జారి ఒక ఆకతాయి కుర్రాడి చేతిలో పడితే? 'యమలీల' (1994). రెండు ముక్కల్లో చెప్తే పిలకాయలు కళ్ళు పెద్దవి చేసుకుని 'తర్వాత?' అని అడిగే కథలు ఇవి. 'యమలీల'లో కైకాల సత్యనారాయణ యముడి వేషం అంత గంభీరంగా వేసి, భూమ్మీద ఐస్‌క్రీముకు పడిపోయి హిమక్రీములంటూ చప్పరిస్తుంటే, పక్కన చిత్రగుప్తుడు బ్రహ్మానందం అవస్థ. యముడంటే భయపడే వయసు పిల్లలు ఆ ఒక్క సీనుతో భయం మర్చిపోతారు.

రెండర్థాల బెడద దాదాపు ఉండదు. చివర్లో మాత్రం అమ్మ సెంటిమెంటు గట్టిగా ఉంటుంది, ఒట్టి నవ్వే కావాలనుకునేవాళ్ళకు అది బరువు. మా అవ్వ మాత్రం ఆ ఏడుపు లేకపోతే సినిమా చూసినట్టే కాదంటుంది.

రేలంగి నరసింహారావు గురించి రెండు మాటలు. చంద్రమోహన్, రాజేంద్రప్రసాద్‌లతో మధ్యతరగతి ఇంటి కష్టాలను కామెడీగా చాలా సినిమాల్లో చూపించాడు. 'ఎదురింటి మొగుడు పక్కింటి పెళ్ళాం' (1991) లాంటివి వంట చేసుకుంటూ, పిండివంటలు వత్తుకుంటూ చూడటానికి బాగుంటాయి. మా అమ్మ ఓటు ఎప్పుడూ వీటికే.

శ్రీను వైట్ల, త్రివిక్రమ్: ఇరికించడం ఒకటి, చమత్కారం ఒకటి

శ్రీను వైట్ల దగ్గర నవ్వు చిక్కులో పుడుతుంది. హీరో విలన్ ఇంట్లో దూరతాడు, అక్కడ ఒకణ్ణి బకరాను చేస్తాడు, ఆ బకరా సాధారణంగా బ్రహ్మానందం. మనకు అంతా తెలుసు, విలన్‌కు ఏమీ తెలియదు, బకరాకు సగం తెలిసి నోరు విప్పలేడు. 'ఢీ' (2007) లో బ్రహ్మానందం వేసిన చారి బాధ అంతా ఆ సగం తెలియడంలోనే ఉంది. 'వెంకీ' (2004) రైలు సీక్వెన్స్ విడిగా చూసినా నవ్వు తగ్గదు. కుర్రాళ్ళు కూడితే ఇంతకు మించింది లేదు. కాకపోతే ఇదే ఎత్తు సినిమా తర్వాత సినిమాలో తిరిగి వచ్చేసరికి బిగి సడలింది, 'ఢీ', 'రెడీ', 'దూకుడు' ఒకే వారంలో చూస్తే మీకే తెలుస్తుంది. వారానికొకటి చూడండి. ఫైట్లు వచ్చినప్పుడు పెద్దవాళ్ళు కునుకు తీస్తారు, దానికి సిద్ధపడండి.

త్రివిక్రమ్ పేరు చెప్పగానే అందరూ 'నువ్వు నాకు నచ్చావ్' (2001) అంటారు. దానికి మాటలు త్రివిక్రమ్‌వి, దర్శకుడు కె.విజయభాస్కర్. ఈ మాట నేను పట్టుబట్టి చెప్తాను. ఎందుకంటే ఆ సినిమాలో మాట ఎంత చురుకో, దాన్ని పలికే ముందు ఆగడం అంత ముఖ్యం. భోజనాల బల్ల దగ్గర ప్రకాష్ రాజ్ వాళ్ళమ్మ మీద కవిత చదివే సీనులో కవిత కంటే, చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వు బిగబట్టుకోవడమే మనల్ని నవ్విస్తుంది. ఆ బిగబట్టడాన్ని కెమెరా ముందు కుదిర్చింది డైరెక్టరే కదా. అన్ని వయసులవాళ్ళూ ఉన్న ఇంటికి ఒకే సినిమా చెప్పమంటే నేను చాలాసార్లు చెప్పేది ఇదే.

అనిల్ రావిపూడి: మన ఉమ్మడి ప్రకాశం మనిషి

యద్దనపూడి మండలంలో పుట్టినవాడు, అందుకని మా వైపు కొంచెం ఎక్కువ అభిమానమే. 'ఎఫ్ 2' (2019), 'సంక్రాంతికి వస్తున్నాం' (2025) చూస్తే ఒక్క సంగతి కనిపిస్తుంది, ఆయన పట్టుకునేది భార్యాభర్తల మధ్య నలిగే మగవాడి మొహం. వెంకటేష్‌లో ఆ మొహం ఉంది. ఒక ఊతపదమో ఒక చేష్టో పట్టి తిప్పి తిప్పి కొడతాడు, రెండోసారి విసుగనిపించి ఐదోసారికి నవ్వొచ్చేస్తుంది. థియేటర్‌లో వందల మంది మధ్య అది అద్భుతంగా పేలుతుంది, ఇంట్లో నలుగురే ఉంటే అంత పేలదు. కాబట్టి ఈయన సినిమాకు మంది కావాలి. బుల్లిరాజు బూతులు పిలకాయలు వెంటనే పట్టేస్తారు, పండగ మూడు రోజులూ వాళ్ళ నోటి నుంచి వినడానికి సిద్ధంగా ఉండండి. మా ఇంట్లో అదే జరిగింది, దాని మీద పెద్ద మాటలే అయ్యాయి.

సింగీతం: మాటే లేకుండా

సింగీతం శ్రీనివాసరావు మన ఉదయగిరిలో పుట్టాడని మా నెల్లూరు జిల్లాలోనే సగం మందికి తెలియదు. కె.వి.రెడ్డి దగ్గర 'మాయాబజార్' (1957) కు పనిచేసిన మనిషి. ముప్పై ఏళ్ళ తర్వాత 1987లో ఒక్క మాట కూడా లేని 'పుష్పక విమానం' తీశాడు.

మా తాతకు చెవులు పోయి ఆరేడేళ్ళయింది. మేమంతా జంధ్యాలకు పడి పడి నవ్వుతుంటే ఆయన మా మొహాలు చూసి చిన్నగా నవ్వేవాడు, తర్వాత లేచి వసారాలోకి వెళ్ళి పడుకునేవాడు. మూడేళ్ళ కింద ఒక రాత్రి నేను 'పుష్పక విమానం' పెట్టాను. లాడ్జిలో బాత్రూము ముందు వరస వచ్చేసరికి తాత వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. టినూ ఆనంద్ మంచుకత్తి తీసి పొడవబోయేలోపు అది కరిగిపోతుంటే మాకంటే ముందు నవ్వాడు, పెద్దగా. ఆయన నవ్వు అంత పెద్దగా ఉంటుందని మా పిలకాయలకు అప్పుడే తెలిసింది.

ఒక్క చోట ఆగిపోయాడు. హోటల్ గది నిశ్శబ్దంలో కమల్ హాసన్‌కు నిద్ర పట్టక, తన పాత లాడ్జి దగ్గరి గోలను టేపులో రికార్డు చేసుకొచ్చి పెట్టుకుని హాయిగా పడుకునే సీను అది. మాటలు లేవు గానీ జోకు శబ్దంలోనే ఉంది. మేం నవ్వుతుంటే తాత ఏందని చేత్తో అడిగాడు. మా చెల్లెలు లేచి టేప్ రికార్డర్ చూపించి, రెండు చేతులూ చెవుల పక్కన గబగబా ఆడించి, తర్వాత చెంప కింద చెయ్యి పెట్టి పడుకున్నట్టు చేసింది. ఒక్క నిమిషం ఆలోచించి ఆయన కూడా నవ్వాడు. "బో ఉండాదే" అన్నాడు, ఎదుటివాళ్ళ మాటలు వినపడక ఆయన ఎక్కువ మాట్లాడటం మానేసి చాన్నాళ్ళయింది అప్పటికి.

అందుకే వినపడని పెద్దవాళ్ళున్నా, తెలుగు రాని కోడలో అల్లుడో ఉన్నా, వేరే ఆలోచన పెట్టుకోవద్దు, ఇదే పెట్టండి. కానీ దీనికి షరతు ఉంది. ఫోన్ చూస్తూ చూసే సినిమా కాదు. తల దించితే కథ పోతుంది, చెవితో పట్టుకోవడానికి మాటల్లేవు. ముగింపు కూడా గుండె బరువెక్కిస్తుంది.

ఒక్కచోట చూసుకోవాలంటే ఇదిగో:

| డైరెక్టర్ | నవ్వు పుట్టే చోటు | ఎవరి మధ్య బాగుంటుంది | మొదట చూడాల్సింది |
|---|---|---|---|
| జంధ్యాల | మాట, మనిషి పిచ్చి | తెలుగు బాగా తెలిసిన పెద్దలు | అహ నా పెళ్ళంట |
| వంశీ | ఊరు, వీధి | తీరిగ్గా కూర్చునేవాళ్ళు | ఏప్రిల్ 1 విడుదల |
| ఈవీవీ | చిలిపి ఊహ | అటూ ఇటూ తిరిగే జనం | హలో బ్రదర్ |
| ఎస్వీ కృష్ణారెడ్డి | వింత, మాయ | పిలకాయలు, అవ్వలు | యమలీల |
| శ్రీను వైట్ల | బకరాను ఇరికించడం | కుర్రాళ్ళు | ఢీ |
| విజయభాస్కర్, త్రివిక్రమ్ | చమత్కారం, ఆగడం | అన్ని వయసులూ | నువ్వు నాకు నచ్చావ్ |
| అనిల్ రావిపూడి | ఊతపదం, మొగుడి మొహం | పెద్ద గుంపు | ఎఫ్ 2 |
| సింగీతం | చూపు, చేష్ట | వినపడనివాళ్ళు, భాష రానివాళ్ళు | పుష్పక విమానం |

రెండు సినిమాలు చూసే రాత్రి అయితే వరస కూడా చూసుకోండి. జంధ్యాల తర్వాత శ్రీను వైట్లను పెడితే ఫరవాలేదు, వైట్ల తర్వాత జంధ్యాలను పెడితే ఆ నిదానం ఎవరికీ ఆనదు. మా ఇంట్లో వచ్చే పండక్కి నేను అనుకుంటున్నది ఇది. అన్నాలకు ముందు పిలకాయల కోసం 'యమలీల', తిన్నాక మామ కోసం 'అహ నా పెళ్ళంట'. అది అయ్యేసరికి పన్నెండు దాటుతుంది, పిలకాయలు పడుకుంటారు. అప్పటికి తాత ఇంకా మేలుకుని ఉంటే, టీవీకి దగ్గరగా ఆయన కుర్చీ జరిపి 'పుష్పక విమానం' పెడతాను.